మీకు తెలుసు సరే, మీ పాత్రకు తెలుసా?

ఒక ఏడాది మా హైస్కూలు వార్షికోత్సవంలో పిల్లలచేత మయసభ ఘట్టం ఆడించాం. సభ చూడవచ్చిన దుర్యోధనుడు నీళ్లను చూసి నేల అనుకుంటాడు, కాలు పెడతాడు, దభీమని పడతాడు. కథ మీకు తెలిసిందే. రంగస్థలం మధ్య నీలం దుప్పటి ఒకటి పరిచి అదే మడుగు అన్నాం. దుర్యోధనుడి వేషం వేసిన కుర్రవాడు మీసం మెలివేస్తూ మహా దర్జాగా వచ్చాడు. తీరా దుప్పటి దగ్గరికి వచ్చేసరికి పంచె తడుస్తుందేమో అన్నట్టు రెండు చేతులా పైకెత్తి పట్టుకున్నాడు! పడబోతున్నానని వాడికి తెలుసు మరి. చూసేవాళ్లంతా గొల్లుమన్నారు.

వాడు చేసిన పొరపాటేమిటో ఆలోచించండి. ముందు మడుగు ఉందని తెలిసింది వేషం వేసిన కుర్రవాడికి. దుర్యోధనుడికి తెలియదు. ఒకే మనిషిలో ఇద్దరున్నారన్నమాట. ఒకడికి తెలిసింది రెండోవాడి చేతుల్లోకి జారిపోయింది.

నాటకంలో అయితే ఫరవాలేదు. ఏం చేయాలో, ఏం మాట్లాడాలో ముందే రాసి ఉంటుంది. కాస్త సాధన చేస్తే సర్దుకుంటుంది. అలా ముందుగా ఏమీ రాసి పెట్టకుండా, అప్పటికప్పుడు మీరే నిర్ణయం తీసుకోవలసి వస్తే? అలాంటి ఆట ఒకటి ఉంది.

బల్ల చుట్టూ ఒక కథ

1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆటను తయారుచేశారు. విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న ఊరినుంచి అది వెలువడింది. ఒక పెట్టె, అందులో మూడు చిన్న పుస్తకాలు, అంతే. మొదట అచ్చువేసింది వెయ్యి ప్రతులు. ఈనాడు అది ప్రపంచమంతటా ఆడే ఆట. దాన్ని చూసి పుట్టిన ఆటలు ఎన్నో ఉన్నాయి. వీటిని పాత్రధారణ ఆటలు అనవచ్చు.

ఎలా ఆడతారంటారా? బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ప్రతి ఆటగాడికీ కథలో ఒక పాత్ర ఉంటుంది. ఒకరు కత్తివీరుడు, ఒకరు మంత్రగత్తె, ఒకరు వైద్యుడు. ఆ పాత్ర బలం ఎంత, తెలివి ఎంత, చేతిలో ఏమున్నాయి అన్నవి కాగితంమీద అంకెలతో రాసుకుంటారు. ఒకరు మాత్రం ఏ పాత్రా తీసుకోరు. ఆయన నిర్వాహకుడు. “మీరు గుహ ముందు నిలబడ్డారు. లోపలినుంచి చల్లగాలి వస్తోంది. ఏం చేస్తారు?” అని అడుగుతాడు. ఆటగాళ్లు తమ పాత్ర ఏం చేస్తుందో చెబుతారు. ఫలితం తేలనప్పుడు పాచిక వేస్తారు. మన వైకుంఠపాళి పాచికకు ఆరు ముఖాలే కదా! ఇక్కడ 4, 6, 8, 12, 20 ముఖాల పాచికలు కూడా వాడతారు. ముఖాలన్నీ అచ్చంగా ఒకేలా ఉండే క్రమ ఘనరూపాలు ఈ ఐదే అని జ్యామితి చెబుతుంది.

ఇప్పుడు అసలు చిక్కులోకి వద్దాం. ఈ ఆటలో ట్రోల్ అనే రాక్షసి ఉంది. దాన్ని కత్తితో నరికితే గాయాలు చకచకా మానిపోతాయి. నిప్పుతో గాని, ఆమ్లంతో గాని కాల్చిన గాయం మాత్రం మానదు. రాక్షసుల వివరాలన్నీ రాసిన పుస్తకం 1977లోనే అచ్చయింది. కనుక పాత ఆటగాళ్లందరికీ ఈ రహస్యం తెలుసు. కాని ఈ రోజే మొదటిసారి ఊరు దాటి వచ్చిన ఒక పల్లెటూరి కత్తివీరుడికి ఎలా తెలుస్తుంది? వాడు ట్రోల్‌ను చూడగానే కత్తి పారేసి కాగడా అందుకున్నాడంటే, అందుకున్నది వాడు కాదు. బల్ల దగ్గర కూర్చున్న ఆటగాడు! దీనికి ఆటగాళ్ల భాషలో మెటాగేమింగ్ అని పేరు. ఆట లోపల ఉండవలసినవాడు ఆట బయటినుంచి చూసి ఆడడమన్నమాట.

“అయితే కాగడా ముట్టుకోకుండా కత్తితోనే కొడుతూ ఉంటే సరిపోతుంది కదా!” అని మీలో ఎవరైనా అనవచ్చు. అక్కడే ఉంది తిరకాసు. అప్పటికే వాడి ఎడమచేతిలో కాగడా ఉందనుకోండి. కత్తి పనిచేయడం లేదు. రహస్యం తెలియని మనిషయినా అలాంటప్పుడు కాగడాతో ఒక పోటు పొడవవచ్చు కదా? అలా పొడవకుండా బిగించుకుని కూర్చోవడం కూడా, నిప్పు పనిచేస్తుందని మీకు తెలిసినందువల్లే! తెలిసినదాన్ని వాడుకోవడం ఒక తప్పయితే, తెలిసింది కనుక దానినుంచి పారిపోవడం రెండో తప్పు. రెండింటిలోనూ పగ్గాలు ఆటగాడి చేతిలోనే ఉన్నాయి. అడగవలసిన ప్రశ్న “నిప్పు వాడనా, మాననా?” అన్నది కాదు. “ఇంతవరకు నా పాత్ర చూసింది ఏమిటి? విన్నది ఏమిటి? దానినిబట్టి ఏం చేస్తుంది?” అన్నది.

అన్ని బృందాలూ దీన్ని ఒకేలా చూడవు. ఈ ఆటలో పరీక్ష పాత్ర తెలివికి కాదు, ఆటగాడి తెలివికే అనుకుని ఆడేవాళ్లూ ఉన్నారు. అదీ ఒక పద్ధతే. ఏ పద్ధతిలో ఆడేదీ ముందే అనుకోవాలి.

కొండ అవతల ఏముంది?

ఈ సమస్యను మనకంటె ముందు పట్టించుకున్నవాళ్లు సైనికులు. ప్రష్యా సైన్యంలో రైస్విట్స్ అనే యువ అధికారి 1824లో ఒక యుద్ధక్రీడను రూపొందించాడు. అంతకుముందు వాళ్ల నాన్న మొదలుపెట్టినదాన్నే ఈయన బాగుచేశాడు. జర్మన్ భాషలో దాని పేరు ‘క్రీగ్‌స్పీల్’. చదరంగంలో ఎదుటివాడి పావులన్నీ మనకు కనిపిస్తాయి. నిజమైన యుద్ధంలో కొండ అవతలి సైన్యం సేనానికి కనిపించదు కదా! అందుకని రైస్విట్స్ ఆటలో రెండు పక్షాలకూ మధ్య ఒక తీర్పరిని పెట్టాడు. ఎవరి ఆజ్ఞలు వాళ్లు ఆయనకే ఇవ్వాలి. ఒక పక్షం సైనికులు నిజంగా చూడగలిగినంత మేరకే శత్రువు జాడ వాళ్లకు తెలియనిచ్చేవాడు.

తమాషా గమనించారా? “మీకు తెలిసింది మరిచిపోండి” అని ఆయన ఎవరినీ అడగలేదు. తెలియవలసినంతే తెలియనిచ్చాడు. ఇలాంటి యుద్ధక్రీడలే తరువాత కాలంలో సరదాకి ఆడేవాళ్ల చేతికి వచ్చాయి. గైగాక్స్, ఆర్నెసన్ ఇద్దరూ వాటిని ఆడినవాళ్లే. తీర్పరి కాస్తా కథ చెప్పే నిర్వాహకుడయ్యాడు.

1974 నాటి నియమాల్లో ఒక చక్కని ఉదాహరణ ఉంది. గోడలో రహస్య ద్వారం ఉందేమోనని ఒక మనిషి వెతుకుతున్నాడు. ఆరు ముఖాల పాచిక వేసి, 1 గాని 2 గాని పడితే ద్వారం దొరికినట్టు. అంటే దొరికే అవకాశం మూడింట ఒక వంతు. పాచిక మీరే వేశారు, 5 పడింది. “ఓహో, నేను సరిగా వెతకలేదు, మళ్లీ వెతుకుతాను” అంటారు. కాని మీ పాత్రకు పాచిక కనిపిస్తుందా? దాని కంటికి కనిపించేది వట్టి గోడే! అందుకని చాలామంది నిర్వాహకులు ఈ పాచికను తామే చాటుగా వేస్తారు. “ఏమీ కనిపించలేదు” అని మాత్రం చెబుతారు. ద్వారం లేదో, ఉండీ దొరకలేదో మీకూ తెలియదు. మీరూ మీ పాత్రా ఇప్పుడు సమానం.

ఇక్కడ చిన్న లెక్క. నిజంగా ద్వారం ఉండి ఒకసారి వెతికితే దొరకని అవకాశం 2/3. రెండుసార్లు వెతికినా దొరకని అవకాశం 4/9. మూడుసార్లయితే 8/27, అంటే సుమారు 30 శాతం. “కనిపించలేదు” అన్నంత మాత్రాన “లేదు” అని కాదు. ఎన్నిసార్లు వెతికామన్నది కూడా చూడాలి.

మరి ట్రోల్ సంగతో? ఆ రహస్యం ఆటగాళ్లకు ముందే తెలిసిపోయింది కనుక దాచడం కుదరదు. అప్పుడు నిర్వాహకుడు పాత్ర తెలివిని పాచికకు వదులుతాడు. “20 ముఖాల పాచికమీద 15 గాని, అంతకన్న ఎక్కువ గాని పడితే మీ తాతగారు చెప్పిన కథలో ఈ సంగతి విన్నట్టు” అంటాడు. 15 నుంచి 20 వరకు ఆరు అంకెలున్నాయి. అవకాశం 30 శాతం. పడితే పాత్రకు తెలుసు, పడకపోతే తెలియదు. తగవు తీరింది.

తెలిసినదాన్ని పక్కన పెట్టడం ఎందుకంత కష్టం?

ఆస్ట్రియా దేశపు మనస్తత్వ శాస్త్రజ్ఞులు విమ్మర్, పెర్నర్ 1983లో ఒక ప్రయోగాన్ని ప్రకటించారు. చిన్నపిల్లలకు ఒక కథ చెప్పారు. మాక్సీ అనే పిల్లవాడు చాక్లెట్టు ఒక అలమారలో పెట్టి ఆడుకోవడానికి వెళ్లాడు. వాడు లేనప్పుడు అమ్మ దాన్ని ఇంకో అలమారలోకి మార్చింది. మాక్సీ తిరిగి వచ్చాడు. చాక్లెట్టు కోసం ఎక్కడ వెతుకుతాడు?

మీరు తడుముకోకుండా “మొదటి అలమారలో” అంటారు. మూడు నాలుగేళ్ల పిల్లల్లో ఒక్కరైనా సరిగా చూపించలేదు! చాక్లెట్టు ఎక్కడుందో తమకు తెలుసు కనుక మాక్సీకీ తెలుసనుకున్నారు. నాలుగు నుంచి ఆరేళ్లవాళ్లలో 57 శాతం, ఆరు నుంచి తొమ్మిదేళ్లవాళ్లలో 86 శాతం సరిగా చూపించారు. అవతలివాళ్ల తలలో ఉన్నది నా తలలో ఉన్నదానికంటె వేరు అన్న ఎరుక మనకు పుడుతూనే రాదు. ఎదిగేకొద్దీ వస్తుంది.

పెద్దవాళ్లయ్యాక పూర్తిగా వచ్చేస్తుందా? అదీ లేదు. 1990లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ న్యూటన్ అనే పరిశోధకురాలు కొందరిచేత అందరికీ తెలిసిన పాటల దరువును బల్లమీద వేళ్లతో కొట్టించింది. వింటున్నవాళ్లు అది ఏ పాటో చెప్పాలి. సగం పాటలయినా గుర్తుపడతారని కొట్టినవాళ్లు అంచనా వేశారు. 120 పాటల్లో వాళ్లు గుర్తుపట్టింది మూడు! కొట్టేవాడి చెవిలో పాట మోగుతూనే ఉంటుంది. అవతలివాడికి వినపడేది ఉత్త టకటకలే అన్న సంగతి వాడికి తట్టదు. ఈ పరీక్ష ఇవాళే ఇంట్లో చేసి చూడండి, ఖర్చేమీ లేదు.

ఒక అమ్మాయి, ఒక కుర్రవాడు

ఇంతకీ ఇవన్నీ మీకెందుకు చెబుతున్నాను? మొన్న వేసవి సెలవుల్లో నా పాత శిష్యుడొకడు ఊరికి వచ్చి, మా తొమ్మిదో తరగతి పిల్లలు నలుగురిచేత ఈ ఆట ఆడించాడు. నేనూ పక్కన కూర్చున్నాను. ముగ్గురి పాత్రలు గుహలోకి వెళ్లాయి. నాలుగో అమ్మాయి పాత్ర బయట గుర్రాలకు కాపలా ఉంది. లోపల నేల విరిగి ముగ్గురూ గోతిలో పడ్డారు. “ఏమే, తాడు తీసుకుని పరుగెత్తుకు రా!” అని పిల్లలంతా అరిచారు.

ఆ అమ్మాయి నిర్వాహకుణ్ణి అడిగింది: “వాళ్ల కేక బయటికి వినిపిస్తుందా అన్నయ్యా?”

అతను చాటుగా పాచిక వేసి “వినిపించలేదు” అన్నాడు.

“అయితే తను గుర్రాలకు నీళ్లు పెడుతూ ఉంటుంది.”

మిగతావాళ్లకు కోపం వచ్చింది. “నువ్వు విన్నావుగా!” అన్నారు. “నేను విన్నాను. తను వినలేదుగా!” అంది. రెండు వంతులు తిరిగాక మళ్లీ అడిగింది: “ఎండ తగ్గిందా?” “తగ్గింది. పొద్దు కొండ దిగుతోంది.” “చీకటి పడకముందే వస్తామని వెళ్లేటప్పుడు చెప్పారు. ఇంకా రాలేదు. కాబట్టి తనకిప్పుడు అనుమానం వస్తుంది. తాడు తీసుకుని లోపలికి వెళుతుంది.”

భేష్ అనుకున్నాను. తెలిసిందని పరుగెత్తలేదు, తెలియదని మొండిగా కూర్చోలేదు. ఆ సంగతి తన పాత్రకు తెలిసే దారి ఏదైనా ఉందా అని వెతికింది. దొరికాకే కదిలింది.

భేష్ అనుకున్నానే కాని, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇరవై ఏళ్లనాటి సంగతి ఒకటి గుర్తుకొచ్చింది. అప్పట్లో మా బడిలో లఘులోలకం ఒకటే ఉండేది. పిల్లలంతా వంతులవారీగా దానితోనే ప్రయోగం చేసేవారు. దారం పొడవు కొలిచి, 20 డోలనాలకు పట్టే కాలం చూసి, గురుత్వ త్వరణం కట్టాలి. జవాబు 9.8 అని పుస్తకంలో ఉంది. అందరికీ తెలుసు. అందరూ 9.8 అనే తెచ్చారు. ఒక్క కుర్రవాడు మాత్రం 9.4 అని తెచ్చాడు. 9.8 తెచ్చినవాళ్లకు పూర్తి మార్కులు వేసి, వాడి పుస్తకంలో ఎర్రసిరాతో అడ్డగీత కొట్టాను. “నేను చూసింది అంతే మాస్టారూ” అన్నాడు. నేను వినిపించుకోలేదు.

మరుసటి ఏడాది నేనే ఆ లోలకం తీసి చూశాను. పిల్లలంతా పొడవును కొక్కెం వరకే కొలుస్తున్నారు. గుండు మధ్య బిందువు వరకు కొలవాలి. అసలు పొడవు 50 సెంటీమీటర్లుంటే వాళ్ల లెక్కలో 48. ఆ పొడవుకు 20 డోలనాలు 28.4 సెకన్లు పడతాయి. 48 పెట్టి లెక్కకడితే 9.4 వస్తుంది. చూసింది చూసినట్టు రాస్తే ఆ ఏడు అందరికీ 9.4 రావాలి! మిగిలినవాళ్లంతా గడియారం 28.4 చూపిస్తుంటే, 9.8 రావాలి కనుక 27.8 అని రాసుకున్నారన్నమాట. మయసభలో పంచె ఎత్తిపట్టిన కుర్రవాడికీ వీళ్లకూ తేడా ఏముంది? వాళ్లు ప్రయోగం చేసేవాడి పాత్రలో ఉన్నారు. ఆ పాత్రకు తెలిసింది స్కేలు, గడియారం చెప్పినంతే. పుస్తకం చదివినవాడు ఆ పాత్ర చెయ్యి పట్టుకుని రాయించాడు.

నా తప్పు ఇంకా పెద్దది. జవాబు నాకు ఎన్నో ఏళ్లుగా తెలుసు. ఆ తెలివిడితోనే వాడి పుస్తకం చూశాను. “ఈ 9.4 ఎక్కడినుంచి వచ్చింది?” అని ఒక్క ప్రశ్న వేసి ఉంటే, మా కొలతలోని లోపం ఆ రోజే బయటపడేది. నేను కనుక్కునేసరికి వాడు పదో తరగతి అయిపోయి వెళ్లిపోయాడు.

శాస్త్రజ్ఞులు ఈ ప్రమాదం ఎరిగినవాళ్లే. కొత్త మందును పరీక్షించేటప్పుడు అసలు మందు ఎవరికిచ్చారో, అచ్చం అలాగే కనిపించే ఉత్త మాత్ర ఎవరికిచ్చారో రోగికీ చెప్పరు, పరీక్షించే డాక్టరుకూ చెప్పరు. సీసాలమీద సంకేతాలే ఉంటాయి. పరీక్ష ముగిశాకే వాటిని విప్పుతారు. డాక్టరు అబద్ధాలకోరు అని కాదు. తెలిసినది కంటిని లాగుతుంది కనుక. నిర్వాహకుడు చాటుగా పాచిక వేయడంలో ఉన్న కిటుకే ఇదీ.

మీరూ ఆడి చూడండి

నలుగురు చేరండి. ఒకరు నిర్వాహకులు. ఒక పాత బంగళా, ఒక పోయిన తాళంచెవి, ఇలా చిన్న కథ చాలు. కాగితాన్ని మూడు నిలువు గడులుగా గీయండి. మొదటి గడిలో ‘నాకు తెలిసినది’, రెండో గడిలో ‘నా పాత్రకు తెలిసినది’, మూడో గడిలో ‘పాత్రకు ఎలా తెలిసింది’ అని రాయండి. మూడో గడి ఖాళీగా ఉన్నంతవరకు రెండో గడిలో ఏమీ రాయకూడదు. ఇదొక్కటే నియమం. గంటసేపు ఆడేసరికి మూడో గడి నింపడం ఎంత కష్టమో మీకే తెలుస్తుంది.

తరువాత అదే కాగితాన్ని ప్రయోగశాలకు తీసుకెళ్లండి. జవాబు మీకు తెలిసే ఉంటుంది, ఉండనివ్వండి. మొదటి గడిలో రాసుకోండి. రెండో గడిలో మాత్రం స్కేలు చెప్పింది, గడియారం చెప్పింది రాయండి. రెండూ కలవకపోతే కొట్టివేయకండి. మీ మాస్టారి దగ్గరికి తీసుకెళ్లి “ఇది ఎక్కడినుంచి వచ్చింది?” అని అడగండి. ఆయనా మీతోపాటు వంగి గుండును, దారాన్ని చూస్తారు. నేనైతే ఇప్పుడు తప్పకుండా చూస్తాను.